నెల్లాళ్ల ఫారెక్స్

తిరుమలరావు ఆ సోమవారం పొద్దున్న ఒక నిర్ణయంతో నిద్ర లేచాడు. సాయంత్రంలోగా నమ్మకమైన బ్రోకర్ని ఎంచుకోవాలి.

పెరట్లో పళ్లు తోముకుంటూ చీపురుపల్లి వైపు చూశాడు. మంచు తెరలో కొండల వరస కనిపిస్తోంది. ఒకచోట లేచి, ఒకచోట దిగి, మళ్లీ లేచి, అచ్చం యూరో డాలర్ల గ్రాఫులా ఉంది. "అక్కడ కొని, అదిగో ఆ శిఖరం మీద అమ్మాల," అనుకున్నాడు నోటినిండా నురగతోనే.

నెల్లాళ్లుగా అతని పరిస్థితి ఇదే. గరివిడిలో ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో గుమాస్తా. బోల్టులు, గ్రీజు డబ్బాలు, చేతి తొడుగులు ఇచ్చి సంతకాలు తీసుకోవడం అతని పని. ఒక మధ్యాహ్నం ఫోనులో ఏదో వీడియో తగిలింది. ఒక దేశం డబ్బు పెట్టి ఇంకో దేశం డబ్బు కొనడం, ధర పెరిగాక అమ్ముకోవడం, దీన్నే ఫారెక్స్ అంటారని అందులో ఒక కుర్రాడు చెప్పాడు. ఇంట్లో కూర్చునే చెయ్యొచ్చన్నాడు. ఆ రోజు నుంచి తిరుమలరావు మనిషి గరివిడిలోనూ మనసు పరదేశాల్లోనూ ఉంటున్నాయి. యెన్ అంటే అతనికి చిన్న గొడుగు వేసుకుని వానలో చప్పుడు కాకుండా నడిచే మనిషి. స్విస్ ఫ్రాంక్ మంచుకొండ మీద ఒంటరిగా నిలబడి ఎవరితోనూ మాట్లాడని పెద్దమనిషి. డాలరు వీధి చివర బండి ఆపి హారను కొట్టే మేనల్లుడు. సాయంత్రం డాబా మీద కుర్చీ వేసుకుంటే వీళ్లంతా ఒక్కొక్కరే వచ్చి చుట్టూ కూర్చునేవారు.

కొత్తవాళ్లు మొట్టమొదట నమ్మకమైన బ్రోకర్ని చూసుకోవాలని ప్రతి వీడియోలోనూ చెప్పేవారు. ఎలా చూసుకోవాలో చెప్పే సమయానికి తిరుమలరావు ఏ టోక్యో వీధిలోనో ఉండేవాడు. అందుకని అది వినలేదు. ఇంతలో వాట్సాప్‌లోకి అనిత వచ్చింది. ఎక్కడో ఒక ద్వీపంలో ఆఫీసున్న కంపెనీకి ఆమె రిలేషన్‌షిప్ మేనేజరట. పొద్దున్నే పువ్వు బొమ్మ పంపేది. మధ్యాహ్నం భోంచేశారా అని అడిగేది. సాయంత్రం, డబ్బు ఎప్పుడు పంపుతారని అడిగేది. తిరుమలరావు ఆ ద్వీపాన్ని మ్యాపులో వెతికాడు. దొరకలేదు. దొరక్కపోయేసరికి అది మరింత అందంగా తయారైంది. తెల్లని ఇసక, కొబ్బరిచెట్ల నీడలో ఒక బల్ల, ఆ బల్ల దగ్గర తన డబ్బుకు కాపలాగా అనిత.

భార్య ఈశ్వరికి మాత్రం ఏమీ చెప్పలేదు. ఆమె పక్క ఊరి సర్కారు బడిలో టీచరు. కూతురు దుర్గాభవాని పైచదువుకని ఇద్దరూ కలిసి దాచిన సొమ్ముంది. దాన్ని ద్వీపానికి పంపి, పెరిగాక ఒక్కసారే చెప్పి ఆశ్చర్యపరచాలని తిరుమలరావు ఆలోచన. అయినా ఎందుకైనా మంచిదని, డ్యూటీకి వెళ్లే దారిలో విక్టర్‌ను సలహా అడుగుదామనుకున్నాడు.

విక్టర్‌కు స్టేషను రోడ్డులో మందుల షాపుంది. ఫోను సంగతులు తెలిసినవాడనీ, విన్నది బయటపెట్టడనీ ఊళ్లో మంచి పేరు. తిరుమలరావు బల్ల మీదికి వంగి గొంతు తగ్గించాడు.

"విక్టరూ, ఫారెక్స్ గురించి నీకేటైనా తెల్సా?"

విక్టర్‌కు తెలిసిన ఫారెక్స్ ఒక్కటే. చంటిపిల్లలకు పాలల్లో కలిపి పెట్టే పొడి. వాళ్ల నాన్న కాలం నుంచీ షాపులో అమ్ముతున్నారు.

"తెలీకపోడానికేటుంది మావా. ఎవులికి?"

"నాకే అనుకో. కొత్తగా మొదలెడదావని."

విక్టర్ మొహం విప్పారింది. "దేవుడు ఇచ్చినప్పుడే మావా, వయసుదేటుంది. ఈశ్వరక్కకి ఎలగున్నాది?"

"ఈశ్వరికి తెలీదు. నువ్వు సెప్పకు."

పై అర మీది డబ్బా అందుకోబోయిన విక్టర్ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. కాసేపు ఎటు చూడాలో తెలియక తూకం యంత్రం వైపు చూశాడు.

"ఎన్నాళ్లయింది మావా?"

"నెల్లాళ్లు."

"నెల్లాళ్లకే ఫారెక్సేటి? ఆర్నెల్లు నిండాల. తొందరపడితే అరగదు."

ఈ మాట తిరుమలరావుకు బాగా నచ్చింది. వీడియో కుర్రాడు కూడా ఆర్నెల్లు నేర్చుకోమనే అన్నాడు. "నేనూ అదే అనుకుంటన్నాను. కానీ అనిత ఊరుకోడం నేదు. ఇయ్యాలే మొదలెట్టమని ఒకటే పోరు."

"అనితంటే?" అన్నాడు విక్టర్, వినబడీ వినబడకుండా.

"అన్నీ తనే సూసుకుంటంది. దూరంలో ఉంటాదిలే. సిన్నగా మొదలెట్టి, పడతాదో నేదో సూసుకుని తర్వాత పెంచుదావనుకుంటన్నాను. ఏటంటావు?"

"ఏదైనా అంతే మావా."

"నమ్మకమైంది కావాల విక్టరూ. నకిలీవి ఎక్కువున్నాయంట."

"సీలు సూసి తీసుకో. ఎక్కడ తయారైందో, లైసెన్సు నంబరుందో నేదో, అదీ సూసుకోవాల," అన్నాడు విక్టర్ నీరసంగా.

ఇంత విడమరచి ఇంతవరకూ తనకు ఎవరూ చెప్పలేదనుకుంటూ తిరుమలరావు తేలికపడిన మనసుతో వెళ్లిపోయాడు. ఫ్యాక్టరీ గేటు దాటేసరికి తేలికదనం మిగిలింది, లైసెన్సు మాట ఎగిరిపోయింది. స్టోర్సులో కూర్చోగానే సముద్రపు గాలి తగిలినట్టయింది. సాయంత్రం డబ్బు పంపుతానని అనితకు మెసేజి పెట్టాడు. ఆమె వెంటనే పువ్వు పంపింది.

విక్టర్ మాట మీద నిలబడ్డాడు. ఎవరికీ చెప్పలేదు. భార్య మెర్సీకి మాత్రం చెప్పాడు. మెర్సీ కూడా ఎవరికీ చెప్పలేదు. ఆ మధ్యాహ్నం చర్చిలో స్త్రీల ప్రార్థన జరుగుతుంటే దేవుడికి మాత్రం చెప్పుకుంది. తిరుమలరావు పేరు ఎత్తలేదు. "ఫ్యాక్టరీ స్టోర్సులో పనిచేసే ఒక సోదరుని కుటుంబాన్ని జ్ఞాపకం చేసుకో ప్రభువా. ఏమీ ఎరగని ఆ టీచరమ్మను ఓదార్చు. అనిత కన్న నెల్లాళ్ల ఆ పసిబిడ్డ ఏ పాపమూ చెయ్యలేదు, ఇప్పుడే ఫారెక్స్ పెట్టనివ్వకు," అని కన్నీళ్లతో ప్రార్థించింది. స్టోర్సులో పనిచేసేవాళ్లలో భార్య టీచరైనవాడు ఒక్కడే. కళ్లు మూసుకున్న ఆడవాళ్లందరూ ఆమెన్ అనకముందే కళ్లు తెరిచారు.

అక్కడి నుంచి మాట వీధిన పడింది. తిరుమలరావు తల్లి నారాయణమ్మ చెవిన పడే సమయానికి అందులోంచి అనిత రాలిపోయింది, నెల్లాళ్లు మిగిలింది. కొడుకు ఇంట్లో మళ్లీ బిడ్డ, కోడలికి నెల తప్పింది, అని ఆవిడకు అర్థమైంది. కూరకు తరిగిన బొప్పాయి కాయ పెంటకుప్ప మీద పారేసింది. మగబిడ్డయితే శ్రీకూర్మం వచ్చి మొక్కు తీర్చుకుంటానని నిలుచున్న పళంగా దణ్ణం పెట్టుకుంది. ఎచ్చెర్లలో హాస్టల్లో ఉండి ఎమ్మెస్సీ చదువుతున్న మనవరాలు భవానికి ఫోను చేసి, "నీకు తమ్ముడొస్తన్నాడే," అంది. తర్వాత నారాయణమ్మ బడికి ఫోను చేసి, ఈశ్వరిని మెట్లు ఎక్కనివ్వొద్దని చెప్పింది.

ఫోను తీసింది సత్యవతి. ఈశ్వరితో పాటు పనిచేసే టీచరు. అప్పటికే చర్చి నుంచి ఆమెకు వేరే కబురు అందింది. ఒక చెవిలో ఈశ్వరి బిడ్డ, ఇంకో చెవిలో అనిత బిడ్డ. రెండింటినీ కలపలేక, ఒక కుర్చీ తెచ్చి వేసి, "ఈశ్వరీ, ముందు కూకో," అని రెండూ చెప్పేసింది.

తనకు నెల తప్పలేదని ఈశ్వరికి తెలుసు. మరి భర్త ఫారెక్స్ ఎవరి బిడ్డకు కొంటున్నట్టు? నెల్లాళ్లుగా డాబా మీద ఒంటరిగా కూర్చుని ఫోను చూసుకుని నవ్వుకోవడం గుర్తొచ్చింది. పిలిస్తే పలక్కపోవడం, అన్నంలో చెయ్యి పెట్టి ఎటో చూడటం, అన్నీ గుర్తొచ్చాయి. ఆమె ఏడవలేదు. మొదలుపెట్టిన పాఠం పూర్తి చేసింది. గంట కొట్టాక అన్న అప్పలసూరికి ఫోను చేసింది. అప్పలసూరిది ఎచ్చెర్ల దగ్గర వ్యవసాయం. పొలంలో మడమల దాకా బురదతో ఉన్నవాడు అలాగే బండెక్కి, హాస్టల్ దగ్గర మేనకోడల్ని ఎక్కించుకుని వచ్చేశాడు.

తిరుమలరావు ఇంటికొచ్చేసరికి గుమ్మం ముందు బురద చెప్పులున్నాయి. లోపల అందరూ వరసగా కూర్చున్నారు. నారాయణమ్మ కళ్లు వత్తుకుంటోంది. ఆవిడకీ అనిత సంగతి తెలిసిపోయింది.

"కూకో బావా," అన్నాడు అప్పలసూరి.

"అంతా తెలిసిపోనాది," అంది ఈశ్వరి. గొంతు మామూలుగానే ఉంది.

ఫారెక్స్ సంగతి బయటపడిందని తిరుమలరావుకు అర్థమైంది. బరువు దించుకున్నట్టు ఊపిరి వదిలాడు. "తెలియడమే మంచిదైంది. నానే సెప్దావనుకుంటన్నాను. నెల్లాళ్లుగా నడుస్తన్నాది."

"సిగ్గు నేదేటి బావా?"

"సిగ్గెందుకు? ఈ కాలంలో ప్రెతీవోడూ సేస్తన్నాడు. మా ఫ్యాక్టరీలోనే నలుగురున్నారు. పగలు డ్యూటీ, సాయంత్రం ఇది."

అప్పలసూరి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. ఫ్యాక్టరీల గురించి అతనికి ఇంత తెలియదు.

"మరి డబ్బెక్కడిది? పిల్ల సదువుకి దాసిందే దానికి పెడదావనుకున్నారా?" అంది ఈశ్వరి.

"పెరిగితే మనకే కదా. నేను కుదురుకున్నాక నీకూ పరిసయం సేద్దావనుకున్నాను. భవానికి కూడా నేర్పిద్దావని ఉన్నాది."

భవాని లేచి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది.

అప్పుడే తిరుమలరావు ఫోను మోగింది. అద్దం మీద అనిత పేరు వెలిగింది. ఈశ్వరి ఫోను తీసి అందరికీ వినబడేలా బల్ల మీద పెట్టింది.

"నమస్తే సర్, సాయంత్రమైంది. మీ కోసమే ఎదురుచూస్తున్నాను," అంది తియ్యటి గొంతు.

"నేను ఆయన భార్యని."

"ఓ, మేడమ్, అభినందనలు. సర్ చాలా మంచి నిర్ణయం తీసుకున్నారు. మీరు కూడా మాతో చేరొచ్చు."

నారాయణమ్మ గోడకు చేరగిలబడింది.

"సేరడం తర్వాత సూద్దాం. ముందు నువ్వెవులివో సెప్పు. ఇంటిపేరేటి? మీ నాన్న పేరేటి? ఏ ఊరు?"

అవతల కాగితాలు కదిలిన చప్పుడు. "మేడమ్, మా ఆఫీసు ద్వీపంలో ఉందండీ."

"ఏ దీవి? అక్కడికి బస్సు ఎక్కడ ఎక్కాల? నిన్ను ఎరిగున్న పెద్దమనిషి పేరు ఒక్కటి సెప్పు. రేప్పొద్దున్న మా అన్నొచ్చి మాటాడతాడు."

"అంతా ఆన్‌లైన్‌లోనే మేడమ్."

"ఇలగ ఎంతమందితోటి నడుపుతన్నావు?"

ఈ ప్రశ్నకు జవాబు తెలిసినందుకు ఆ గొంతులో మళ్లీ తీపి వచ్చింది. "లక్షమందికి పైగా ఉన్నారు మేడమ్. అందరూ సంతోషంగా ఉన్నారు."

అప్పలసూరి లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో అతనికే తెలియలేదు. మళ్లీ కూర్చున్నాడు.

"రిజిస్టరైందా? ఎక్కడైంది? నంబరు సెప్పు. రాసుకుంటాను."

"ఒక్క నిమిషం మేడమ్," అంది అనిత. వెనక ఎవరిదో మగగొంతు, "పెట్టెయ్, పెట్టెయ్," అంది. ఫోను ఆగిపోయింది. చూస్తుండగానే వాట్సాప్‌లో అనిత బొమ్మ చెరిగి బూడిదరంగు గుండ్రం మిగిలింది. పొద్దుటి పువ్వు పైన అలాగే ఉంది.

భవాని కిటికీ దగ్గర నుంచి వచ్చింది. "నాన్నా, ఆవిడ డబ్బు దేనికి పంపమన్నాది?"

"ఫారెక్స్‌కి."

"ఏ ఫారెక్స్?"

"డాలర్లు, యూరోలు. ఇంకేటుంటాది?"

అప్పలసూరి కుర్చీ మళ్లీ ముందుకు జరుపుకున్నాడు. భవాని తన ఫోనులో రిజర్వు బ్యాంకు పెట్టిన హెచ్చరిక జాబితా తీసింది. లైసెన్సు లేకుండా ఇలాంటి వ్యాపారం చేసే కంపెనీల పేర్లు అందులో ఉంటాయి. అనిత కంపెనీ పేరు కిందికి జరపకుండానే కనిపించింది. ఈశ్వరి కూర్చుని మొహం చేతుల్లో దాచుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని తిరుమలరావు దగ్గరికి వెళ్లాడు. నవ్వుతోంది. నవ్వు అయిపోయాక తలెత్తి, పిల్ల చదువు సొమ్ము సంగతి గుర్తు చేసుకుని, అప్పుడు కోప్పడింది. ఆ కోపం ముందు తిరుమలరావుకు ద్వీపం నీళ్లలోకి దిగిపోయింది. యెన్ గొడుగు ముడుచుకుని డాబా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

"అయితే బిడ్డ నేడా?" అని నారాయణమ్మ అడిగింది.

శనివారం నారాయణమ్మ తప్ప నలుగురూ విజయనగరం వెళ్లారు. షేర్ల వ్యాపారం మీద అజమాయిషీ చేసే సెబీ దగ్గర నమోదైన ఒక బ్రోకరు సంస్థ బ్రాంచి అక్కడుంది. నమోదు నంబరు భవాని ముందే సెబీ వెబ్‌సైటులో చూసింది. బల్ల వెనక గోవింద్ అనే యువకుడు ఉన్నాడు. ఈశ్వరి అతన్నీ అవే ప్రశ్నలు అడిగింది. అతను ఇంటిపేరు చెప్పాడు, నాన్న పేరు చెప్పాడు, బొబ్బిలి అవతల ఊరు చెప్పాడు. అప్పలసూరి ఆ ఊళ్లో తనకు తెలిసినవాళ్ల పేర్లు చెబితే అందులో ఇద్దరు అతని పెదనాన్నలు.

తిరుమలరావు ముందుకు జరిగి డాలర్ల సంగతి ఎత్తాడు.

"మీకు ఎగుమతులూ దిగుమతులూ ఏవైనా ఉన్నాయాండి?" అని అడిగాడు గోవింద్.

"నేవు. ఆలోచన ఉన్నాది."

"ఆలోచనకి కుదరదండి. ఇక్కడ ఎక్స్ఛేంజిలో చెయ్యాలన్నా అలాటి అవసరం ఉండాల. బయటి యాపుల జోలికి ఎల్లనే ఎల్లొద్దు. నన్నడిగితే మీకు ఇది వద్దండి."

వచ్చిన బేరాన్ని వద్దన్న బ్రోకర్ని ఈశ్వరి మొదటిసారి చూసింది. మళ్లీ ఒకసారి అతని మొహం పరీక్షగా చూసి, కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"నెలనెలా కొంచెం కొంచెం ఏసుకునేది ఏటైనా ఉంటే సెప్పు నాయనా. పిల్ల పెద్ద సదువుకి."

అతను చెప్పాడు. ఆమె అడిగింది. భవాని వివరాలు టైపు చేసింది. కిటికీలోంచి ఎండ పడుతోంది. తిరుమలరావు అందులో ఎగిరే దుమ్ము చూస్తూ కూర్చున్నాడు. అది మంచుకొండ మీద పడే మంచులా ఉంది. స్విస్ ఫ్రాంక్ తన వైపు తిరిగి మొదటిసారి నోరు తెరిచి ఏదో చెప్పబోతుండగా, సంతకం పెట్టమని గోవింద్ పిలిచాడు.

ఖాతా ఈశ్వరి పేరు మీద తెరిచారు. తిరుమలరావును నామినీగా వేశారు.