ఖరేశ్వర్రావు తొలి ఆహా

ఒక పెద్ద అడవిలో ఏటా ఉగాది పొద్దున ఒక కొత్త పాట విడుదలయ్యేది. ఎంత పెద్ద అడవని మాత్రం అడక్కండి. ఈ కథ చెప్పేవాడు సొంత వీధిలోనే దారి తప్పే రకం, వాడికి అన్నీ పెద్ద అడవులే.

పాడేది పంచమాంబ అనే కోకిల. ఏడాదికి ఒక్కటే పాట. ఉగాది సూర్యుడు మావికొమ్మ దాటి పైకొచ్చాకే నోరు విప్పేది. అంతకుముందు ఎవరడిగినా, "చిగుళ్లు నములుతున్నానర్రా, నోరు ఖాళీ లేదు" అనేది.

ఆ పాటకి తొలి 'ఆహా' చెప్పే హక్కు పంచమాంబ అభిమాన సంఘం అధ్యక్షుడు ఖరేశ్వర్రావుది. ఖరేశ్వర్రావు గాడిద. అతను అన్నాకే మిగతా అడవి 'ఆహా' అనాలి. పాట వినగానే అతని చెవులు రెండూ వాటంతటవే నిక్కబొడుచుకునేవి, వీపు మీద వెంట్రుకలు లేచేవి, కడుపులోంచి 'ఆహా' తన్నుకొచ్చేది. ఆ ఒక్క క్షణం అతన్ని ఎవరూ గాడిద అనుకునేవారు కాదు. మిగతా ఏడాదంతా అనుకునేవారు.

ఆ యేటి సంగతి మరీ వేరు. రాబోయేది ఖర నామ సంవత్సరం. ఖరమంటే గాడిదే కదా! అరవై ఏళ్లకోసారి దక్కే మర్యాద. పాటలో తన పేరు ఉండి తీరుతుందని ఖరేశ్వర్రావు నమ్మేశాడు. ఖరహరప్రియ రాగానికి తన తాతగారి పేరే పెట్టారని అప్పటికే నమ్మి ఉన్నాడు గనక ఇది నమ్మడం పెద్ద కష్టం కాలేదు.

ఇంకా ఉగాది రానేలేదు, పాట బయటికొచ్చేసింది.

పంచమాంబ గుబురాకుల మధ్య సాధన చేసుకుంటుంటే, కింద కొమ్మ మీది గోరింక పాటంతా పట్టేసింది. ఆ గోరింకని వీపు మీద ఎక్కించుకుని జిత్తయ్య అనే నక్క అడవంతా ఊరేగుతున్నాడు. ఎవరాపితే వాళ్ల చెవి దగ్గర గోరింకని దింపుతాడు. అది పాటని చెవిలో పోసి మళ్లీ వీపెక్కుతుంది. దీన్నే అడవిలో 'దింపుకోవడం' అన్నారు. ఏ ఇద్దరు కలిసినా ఇదే మాట.

"నువ్వూ దింపుకున్నావా?"

"ఛఛ, నేనా? మా ఆవిడ దింపుకుంటుంటే పక్కన నిలబడ్డానంతే."

ఖరేశ్వర్రావు మండిపడ్డాడు. సంఘాన్ని పిలిచి రాతిబండ ఎక్కి అరిచాడు. "ఉగాది దాకా ఎవడూ వినడానికి వీల్లేదు! విన్నవాడు అభిమాని కాదు, అడవిపంది!"

"మధ్యలో నన్నెందుకు లాగుతావురా?" అన్నాడు వెనక వరసలోంచి అడవిపంది.

"క్షమించు బాబాయ్, ఊపులో వచ్చేసింది."

అందరూ చెవుల్లో జిల్లేడు దూది పెట్టుకోవాలని తీర్మానం చేశారు. మిగతావాళ్లకి ఒక్కో కాయ సరిపోయింది. అధ్యక్షుడికి పొదంతా పట్టింది.

ఆ సాయంత్రమే జిత్తయ్య వచ్చాడు, వీపు మీద గోరింకతో సహా. "బావా!"

"నాకేం వినపడదు!" అన్నాడు ఖరేశ్వర్రావు.

"వినపడకపోతే జవాబెలా చెప్పావు బావా?"

"నోర్ముయ్ నీచుడా! ఆవిడ ఏడాది కష్టాన్ని దోచుకుంటావా?"

"దోచుకోవడమేంటి? ఆవిడ పాట ఆవిడ గొంతులోనే ఉంది. తిన్న జామకాయ తరుగుతుంది గానీ, విన్న పాట తరుగుతుందా?"

ఖరేశ్వర్రావు ఆలోచనలో పడ్డాడు. ఆలోచన అతనికి ఎప్పుడూ కలిసి రాలేదు.

"అదీగాక," నక్క గొంతు తగ్గించాడు, "పాటలో నీ పేరుందట."

ఎడమ చెవిలోని దూది దానంతటదే రాలిపోయింది.

"చూడు జిత్తయ్యా, నేను వినను. దర్యాప్తు చేస్తాను. ఏ పాట వినకూడదో తెలియకపోతే దాన్ని వినకుండా ఎలా ఉంటాం?"

"అదీ అధ్యక్షుడి మాటంటే!"

"ఒక్కసారే. విని మర్చిపోతాను."

"మర్చిపోగానే కబురు పెట్టు, మళ్లీ వస్తా."

గోరింక గొంతెత్తింది. "కుహూ... కుహూ... కుహుకుహూ... ఖర్ర్ర్... కుహూ!"

ఖరేశ్వర్రావు గాల్లోకి ఎగిరాడు. "ఖర! ఖర అంది! విన్నావా?"

"నే చెప్పలా?"

"ఇంకొక్కసారి. దర్యాప్తు సగంలో ఉంది."

దర్యాప్తు అర్ధరాత్రి దాకా సాగింది.

మర్నాడు ఈ దొంగపాట సంగతి తేల్చడానికి ఏనుగు కుంభయ్యగారి పంచాయతీ కూర్చుంది. "నిషేధించాలంటే ముందు ఏ పాటో తెలియాలి కదా, వినిపించండి" అన్నారాయన. గోరింక వినిపించింది. ఆయన కళ్లు మూసుకుని తొండం ఊపారు. "చాలా ఖండించదగ్గ పాట. ఆ ఖర్ర్ దగ్గర మరీ ఖండించదగ్గది. మళ్లీ పెట్టండి."

"ఇదేం న్యాయమండీ, ఆవిడ వినని చోట ఆవిడ పాట?" అంది జింక.

"గుడ్లు మా గూట్లో విడుదల చేసే ఆవిడకి పాట ఎక్కడ విడుదలైతే మాత్రమేం?" అంది కాకి. అందరూ గొల్లున నవ్వారు. ఆ నవ్వులో జింక కూడా పాట మొత్తం నేర్చేసుకుంది.

ఉగాది వచ్చింది. అడవంతా కడిగిన ముఖాలతో, ఏమీ ఎరగనట్టు, మావిచెట్టు కింద చేరింది. ముందు వరసలో ఖరేశ్వర్రావు, మెడలో వేపపూల దండ. పంచమాంబ గొంతు సవరించుకుంది.

"కుహూ... కుహూ..."

ఖరేశ్వర్రావు తన చెవుల కేసి చూసుకున్నాడు. వేలాడుతున్నాయి. వీపు మీద వెంట్రుక కదల్లేదు. ఇదేంటి? తర్వాత ఏమొస్తుందో అతనికి తెలుసు. ఆ తర్వాత ఏమొస్తుందో కూడా తెలుసు. ఇంతలో తన పేరొచ్చే చోటు రానే వచ్చింది.

"కుహుకుహూ..."

"ఆహా!" అని అరిచాడు. అదే క్షణంలో అడవంతా ఒక్క గొంతుతో, "ఖర్ర్ర్ర్!" అంది.

పంచమాంబ అక్కడ ఖర్ర్ అనలేదు. గొంతు మెలితిప్పి, దారంలా సన్నటి సంగతి ఒకటి వేసింది. అది ఎవరికీ వినపడలేదు. ఆవిడ ఆపేసింది.

"ఏమర్రా, అందరికీ ఒక్కసారే పడిశం పట్టిందా?"

అడవిపంది లేచాడు. "ఖర్ర్ ఏదమ్మా? అసలు పాటలో ఉంటుందే! ఇది నకిలీ. మాకు తెలీదనుకున్నావా?"

"నా పాటకి నేను నకిలీనా? సాధనలో మావిచిగురు గొంతుకడ్డం పడింది నాయనా. ఖర్ర్ అని ఉమ్మేశాను, అంతే!" పంచమాంబ గాడిద వైపు తిరిగింది. "ఖరేశ్వర్రావు గారూ, నా ఆహా ఏదండీ? ఏడాదంతా దానికోసమేగా పాడుకునేది. సంగతి రాకముందే అనేశారే!"

ఖరేశ్వర్రావు నేల చూపులు చూశాడు. పాటలో తన పేరు లేదు. అక్కడున్నది మావిచిగురు.

కుంభయ్యగారు తీర్పు చెప్పారు. "పాడింది ఒక్కరు, విన్నది అడవంతా. మెజారిటీ ఖర్ర్ వైపుంది. పంచమాంబ అసలు పాటని అక్రమంగా బాగు చేసినట్టు రుజువైంది. చిగురు అడ్డం పెట్టుకుని మళ్లీ పాడాలి."

"ముందు మీ చెవుల్లో అడ్డం తీసుకోండి" అని పంచమాంబ తుర్రున ఎగిరిపోయింది.

ఖరేశ్వర్రావు ఒక్కడూ పొద చాటుకి పోయాడు. ఆ పాటని ఇంకా వెయ్యిసార్లు వినొచ్చు, కానీ మొదటిసారి వినడం మాత్రం ఇక ఈ జన్మకి లేదు. నక్క వీపు పక్కన నిలబడి, దర్యాప్తు పేరు చెప్పి, దాన్ని తినేశాడు. అది తట్టగానే గుండె పగిలింది. మెడ చాచి, పళ్లన్నీ బయటపెట్టి, తనివితీరా ఏడ్చాడు. పొద మీద గోరింక ఉన్న సంగతి చూసుకోలేదు.

మర్నాడు జిత్తయ్య రొప్పుకుంటూ వచ్చాడు. "బావా! వచ్చే ఏటి పాట!"

"వద్దు. ఈసారి నిజంగా వద్దు."

"పంచమాంబ అలిగి కొత్త బాణీ కట్టిందట. ఇప్పుడే దిగింది. నీకే మొదలు, ఇంకా ఎవరూ ఆహా అనలేదు."

ఖరేశ్వర్రావు అటు చూశాడు, ఇటు చూశాడు. "సరే, మెల్లగా కానీ."

గోరింక మెడ చాచి గొంతెత్తింది. "ఓండ్ర... హ్హీ... ఓండ్ర... హ్హీ..."

ఖరేశ్వర్రావు చెవులు రెండూ వాటంతటవే నిక్కబొడుచుకున్నాయి. వీపు మీద వెంట్రుకలు లేచాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఎంత దుఃఖంరా జిత్తయ్యా! ఎవరో నా కడుపులో కూర్చుని పాడినట్టుంది. పంచమాంబ ఇన్నాళ్లకి సంగీతం నేర్చుకుంది!"

ఆపైన, అడవిలో అందరికంటే ముందు, నోరారా అన్నాడు.

"ఆహా!"

నీతి: పాట ఎవరిదైతేనేం, విడుదలకి ముందే విన్నామా లేదా అన్నదే ముఖ్యం.