కుడికాలికి పన్నెండు వారాల సెలవు

మా ఇంట్లో ఒక కుడికాలికి పన్నెండు వారాల వైద్య సెలవు మంజూరైంది. కాలు నాది. మంజూరు చేసింది డాక్టరుగారు. అమలుపరిచే బాధ్యత మా వారిది. ఇంటి కార్యకలాపాలు యథావిధిగా సాగుతాయనీ, ఎవరూ ఆందోళన చెందనవసరం లేదనీ మా వారు ఆస్పత్రి గుమ్మంలో నిలబడే ఫోన్లో అందరికీ తెలియజేశారు. ఎవరూ ఆందోళన చెందలేదు కూడా.

సెలవు ఎందుకంటే, నా కుడి చీలమండ కీలు అరిగిపోయింది. నాలుగేళ్లుగా అడుగు తీస్తే ఒక నొప్పి, వేస్తే ఇంకో నొప్పి. మా వీధి చివర ఒక లైబ్రరీ ఉంది. దానికి పదకొండు మెట్లు. నాలుగేళ్ల కిందట ఒక నవల మొదటి భాగం తిరిగిచ్చి రెండో భాగం తెచ్చుకుందామని బయల్దేరి, ఏడో మెట్టు మీద కూలబడి, ఇంటికి తిరిగొచ్చాను. మొదటి భాగం ఆఖరి పేజీలో కథానాయిక అన్నీ వదిలేసి ఓడెక్కింది. దిగిందో, మునిగిందో నాకు తెలియదు. రెండో భాగం తెచ్చిపెట్టమని మా వారిని అడిగాను. ఆయన ఎంతో శ్రమపడి వెళ్లి మొదటి భాగమే ఇంకొకటి తెచ్చారు. అప్పట్నుంచీ మా ఇంట్లో మొదటి భాగాలు రెండున్నాయి. ఆవిడ రెండుసార్లు ఓడెక్కింది. ఒక్కసారీ దిగలేదు.

ఆ పదకొండు మెట్ల కోసమే నేను ఆపరేషన్‌కి ఒప్పుకున్నానని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. వంట చేసుకోవడానికి వీలుగా ఉంటుందని చెప్పాను. వెంటనే అందరూ ఒప్పుకున్నారు.

"కీలు గీకేసి, ఎముకలు రెండూ దగ్గరికి నొక్కి, మూడు స్క్రూలు బిగించామమ్మా," అన్నారు డాక్టరుగారు. "ఇక అక్కడ వంగదు. వంగదు కాబట్టి నొప్పీ ఉండదు. కానీ పన్నెండు వారాలు ఆ పాదం మీద చీమంత బరువు కూడా పడకూడదు. పడిందా, ఎముక అతకదు. మళ్లీ కోయాలి." ఆ ముక్కే కాగితం మీద కూడా రాసిచ్చారు: కుడికాలికి పూర్తి విశ్రాంతి. పాదం గుండె కంటే ఎత్తులో ఉంచవలెను.

మా వారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివారు. ఆయన ఒక పెద్ద ఆఫీసులో సెలవుల సెక్షన్‌కి సూపరింటెండెంటు. ఇరవయ్యారేళ్ల సర్వీసులో కాగితంలో ఉన్నదానికంటే ఒక్క పూట ఎక్కువ సెలవు ఎవరికీ ఇచ్చిన పాపాన పోలేదు. అలాంటి మనిషి సొంత ఇంట్లో పక్షపాతం చూపిస్తారా?

"ఇందులో కుడికాలు అని స్పష్టంగా ఉంది," అన్నారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ. "మిగతా వాటి ప్రస్తావన లేదు."

ఆ విధంగా నా ఎడమకాలు, రెండు చేతులు, నోరు, జ్ఞాపకశక్తి డ్యూటీలోనే ఉన్నట్టు తేలింది.

ఇల్లు చేరగానే మూడు దిళ్ల మీద కుడికాలిని ప్రతిష్ఠించారు. అది గుండె కంటే ఎత్తులో ఉంది. మా ఇంట్లో నా శరీరంలో ఏ భాగానికైనా అంత ఉన్నత స్థానం దక్కడం అదే మొదలు. సరిగ్గా దాని పక్కనే ఒక పళ్లెం, ఒక కత్తి, కిలో బీన్స్ పెట్టారు. వెల్లకిలా పడుకుని, కాలు పైకెత్తి, బీన్స్ తరగడం కష్టమని మీరనుకోవచ్చు. కాదు. ముక్కలు మెడలోకి జారతాయి, అంతే. సాయంత్రానికి మా అమ్మాయి వచ్చి ఏరుకుపోతుంది. అమ్మాయి కాలేజీలో చదువుతోంది. శ్రమకు గౌరవం అనే అంశం మీద ఆ వారమే వ్యాసం రాస్తోంది కాబట్టి దానికి తీరిక లేదు.

మా అత్తగారు మంచం పక్కన కుర్చీ వేసుకుని పర్యవేక్షణ బాధ్యతలు స్వీకరించారు. "మా రోజుల్లో కీళ్లు అరిగేదాకా ఎవరు ఆగారమ్మాయ్? మనుషులే అరిగిపోయేవాళ్లం," అన్నారు. అది ఓదార్పో ఫిర్యాదో తేలలేదు. కానీ ఒకటి ఒప్పుకోవాలి. ఆవిడ ఉన్నంతసేపూ దిళ్లు జారకుండా చూసింది ఆవిడే. ఒకటి తీసి తన నడుం వెనక పెట్టుకున్నప్పుడు తప్ప.

మూడో రోజున మా అపార్ట్‌మెంటు సంఘం అధ్యక్షులు, రిటైరైన హెడ్మాస్టరుగారు పరామర్శకు వచ్చి తమ బడి నాటి ఇత్తడి గంట ఒకటి బహూకరించారు. రోగికి ఏదైనా అవసరమైతే మోగించాలని ఏర్పాటు. నేను ఒకే ఒక్కసారి మోగించాను, మంచినీళ్ల కోసం. ముగ్గురూ పరుగెత్తుకొచ్చారు.

"ఏమోయ్, గంట కొట్టావా?" అన్నారు మా వారు.

"భోజనానికా?" అన్నారు అత్తగారు.

"అమ్మా, ఎంత సౌండో! నా వ్యాసంలో ఫ్లో పోయింది," అంది అమ్మాయి.

నీళ్లు ఎవరు తేవాలన్న విషయంపై సమగ్రంగా చర్చించారు. బిందె దగ్గరికి వెళ్లేవాళ్లే గ్లాసు కూడా తేవాలా, లేక అది వేరే శాఖ కిందికి వస్తుందా అన్నదగ్గర అభిప్రాయభేదం వచ్చింది. చివరికి అందరూ అలిసిపోయి టీ అడిగారు.

మర్నాటినుంచి గంట వంటింట్లోకి మారింది. పరిపాలనా సౌలభ్యం కోసమని చెప్పారు. వంటింట్లో ఎవరికి ఏది దొరక్కపోయినా గంట మోగించాలి. నేను పడకమీంచి సమాధానం చెప్పాలి. జ్ఞాపకశక్తి డ్యూటీలోనే ఉంది కదా. ఒక మోత అంటే ఉప్పు. రెండు మోతలు పంచదార. మూడు మోతలు, స్టవ్ మీద ఏదో పొంగుతోంది, ఏం చేయాలి? ఆగకుండా మోగితే పొంగడం అయిపోయింది, గుడ్డ ఎక్కడుంది?

"ఉప్పు రెండో అరలో, నీలం మూత డబ్బా అండీ," అని నేను రోజుకు నాలుగుసార్లు ప్రకటించేదాన్ని. ఇరవై రెండేళ్లుగా ఆ డబ్బా అదే అరలో, అదే మూతతో ఉంది. అయినా మా వారు చూసిన ప్రతిసారీ కొత్త వింత కనుగొన్నంత ఆనందపడేవారు. "ఇక్కడ పెట్టావా!" అనేవారు. నేను దాచిపెడితే ఆయన పట్టుకున్నట్టు.

నాలుగో వారంలో అమ్మాయి తన స్నేహితురాలి ఇంటినుంచి ఒక బండి తెచ్చింది. మోకాలు దానిమీద ఆనించి, రెండో కాలితో నేలను తన్నుతూ పోయే చిన్న చక్రాల బండి. స్నానాల గదికి వెళ్లడానికి పనికొస్తుందని నేను మురిసిపోయాను. మా వారు టేపు పట్టుకుని కొలిచి, అది వంటింటి గుమ్మంలో కూడా పడుతుందని తేల్చారు. "చూశావా! కుడికాలి సెలవుకి ఏ భంగమూ లేకుండా స్టవ్ దాకా వెళ్లొచ్చు!" ఆయన కళ్లలో నిజమైన సంతోషం. ఆ రోజునుంచి నా కుడికాలు సెలవు మీద వంటింటికి విహారయాత్రకు వచ్చేది. ఎడమకాలు నిలబడి పనిచేస్తుంటే, అది బండి మీద మోకాలు మడుచుకుని నాలుగు దిక్కులూ చూసేది.

ఒకటి మాత్రం చెప్పుకోవాలి. ఇంత జరుగుతున్నా, ఆ పాదాన్ని నేను నేల తాకనివ్వలేదు. పాలు పొంగినా, గ్లాసు పగిలినా, గంట ఆగకుండా మోగినా, పదకొండు మెట్లు తలుచుకుని పళ్లు బిగించి గాల్లోనే ఉంచాను. ఎముక అతకడానికి ఏం కావాలో డాక్టర్లు చాలా రాస్తారు. కథానాయిక ఓడ దిగిందో లేదో తెలుసుకోవాలన్న యావ ఎక్కడా రాయరు.

చూడ్డానికి వచ్చేవాళ్లు నన్ను కాక కాలిని పలకరించేవారు. "ఎలా ఉంది?" అని దాన్నే చూస్తూ అడిగి, జవాబు వినకుండా, తమ బాబాయి స్నేహితుడి వియ్యంకుడికి స్క్రూ ఊడి మోకాలి దాకా ప్రయాణించిన వైనం చెప్పేవారు. తర్వాత హాల్లో కూర్చుని మా వారి ముఖం చూసి నిట్టూర్చేవారు. "పాపం, ఎంత చిక్కిపోయారండీ! ఆఫీసూ, ఇల్లూ, మనిషి ఒక్కడు!" అనేవారు. మా వారు నేల చూపులు చూస్తూ, "ఏదో, నా ధర్మం," అనేవారు. టీ బాగుందని కూడా ఆయన్నే మెచ్చుకునేవారు. బండి చక్రాల చప్పుడు ఎవరికీ వినిపించేది కాదు.

ఈ కీర్తి నానాటికీ పెరిగి, పదో వారంలో సంఘం వారు మా వారికి అభినందన సభ ఏర్పాటు చేశారు. అపార్ట్‌మెంటు హాల్లో చిన్న వేదిక, మైకు, నలభై కుర్చీలు. హెడ్మాస్టరుగారు ఉపన్యసించారు.

"మహాశయులారా! ఈ మహానుభావుడు డెబ్భై రోజుల్లో తన చేత్తో పదకొండుసార్లు టీ పెట్టుకున్నారు! రెండుసార్లు తన కంచం తానే కడుక్కున్నారు! ఒకసారి, ఆ రోజు నేను స్వయంగా చూశాను, బట్టలు ఆరేశారు! స్త్రీలు ఎవరైనా చేస్తారు ఇవన్నీ. అందులో వింతేముంది? ఒక సూపరింటెండెంటు చేయడం, అదీ త్యాగం!"

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. అందరికంటే గట్టిగా ఆడవాళ్లే కొట్టారు. నేనూ కొట్టాను, చేతులు డ్యూటీలోనే ఉన్నాయి కాబట్టి. సభకు వచ్చినవారికి పెట్టిన ఫలహారాలు అద్భుతంగా ఉన్నాయని అందరూ అన్నారు. నలభై మందికి. బండి మీద. మా వారు ప్రతి వాయికీ వంటింటి గుమ్మంలో నిలబడి నాకు ధైర్యం చెప్పారు.

చివర్లో హెడ్మాస్టరుగారికి నేను గుర్తొచ్చాను. "ఆ ఇల్లాలు కూడా వేదిక మీదికి వచ్చి, భర్తగారి సేవ గురించి రెండు మాటలు చెప్పాలి. రండమ్మా, ఎంత, రెండు మెట్లేగా!"

బండి మెట్లెక్కదు. ఎడమకాలు ఒక్కటీ ఎక్కలేదు. నలభై జతల కళ్లు నా కుడిపాదం వైపు తిరిగాయి. మా వారు వేదిక దిగొచ్చి చెవిలో గుసగుసలాడారు: "ఒక్కసారి మోపితే ఏమవుతుందోయ్! పదో వారం కదా, అతికే ఉంటుంది. అంతమంది చూస్తున్నారు, బాగోదు."

నేను బాగా ఆలోచించాను. రెండు మెట్ల కోసం పదకొండు మెట్లు పోగొట్టుకునే బేరం. మైకు ఇటివ్వమన్నాను.

"సభకు నమస్కారం. నా కుడికాలు ఇంకా రెండు వారాలు సెలవులో ఉంది. సెలవులో ఉన్న ఉద్యోగిని మధ్యలో డ్యూటీకి పిలవడం నిబంధనలకు విరుద్ధమని మా వారే ఇరవయ్యారేళ్లుగా అందరికీ చెబుతున్నారు. ఇంతమంది ముందు ఆయన పేరు చెడగొట్టడం నాకిష్టం లేదు."

మళ్లీ చప్పట్లు. మా వారి నిబద్ధతకు. ఆయన జ్ఞాపిక అందుకుని తల వంచి నమస్కరించారు. ఇంటికొచ్చాక మాత్రం, "రూలు కరెక్టే," అని రెండుసార్లు తనలో తాను అనుకున్నారు.

పన్నెండో వారం ఎక్స్‌రే తీశారు. డాక్టరుగారు దాన్ని వెలుతురుకు పెట్టి చూసి నవ్వారు. రెండు ఎముకలూ ఒకటయ్యాయి. ప్రత్యేక బూటు వేసుకుని, కర్ర పట్టుకుని, నెమ్మదిగా నడవొచ్చన్నారు.

"అయితే కుడికాలు డ్యూటీలో చేరినట్టేగా?" అన్నారు మా వారు ఆత్రంగా.

"చేరినట్టే," అన్నాను నేను. "ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కూడా ఇప్పించండి. మీ దగ్గర అది లేకుండా ఎవరినీ చేర్చుకోరు కదా."

ఆయనకు ఆ మాట ఎంతో నచ్చింది. స్వయంగా అడిగి రాయించారు: కుడికాలు నడకకు యోగ్యం. ఇంటికి రాగానే నేను ఇంకో కాగితం తీసి ఆయన ముందు పెట్టాను. నా ఎడమకాలు, రెండు చేతులు, నోరు, జ్ఞాపకశక్తి పన్నెండు వారాల ఆర్జిత సెలవు కోరుతూ వేర్వేరుగా సంతకాలు చేసిన దరఖాస్తు. ఇరవై రెండేళ్లలో ఒక్క రోజూ వాడుకోని సెలవు.

మా వారు దాన్ని అటు తిప్పారు, ఇటు తిప్పారు. కళ్లజోడు తీసి తుడిచారు. లోపం వెతికారు. దొరకలేదు. "మరి... ఇంటిపని ఎవరు...?" అన్నారు.

"కుడికాలు డ్యూటీలోనే ఉందండీ. దాని వల్ల ఏదవుతుందో అది చేయించుకోండి."

దాని వల్ల అయ్యేది నడక ఒక్కటే. అందుకని అది నడిచింది. ఎడమకాలు సెలవు మీద సరదాగా తోడొచ్చింది. గేటు దాటుతుంటే అత్తగారు కిటికీలోంచి, "అమ్మాయ్, కర్ర గట్టిగా పట్టుకో!" అని అరిచారు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "మొదటి భాగం నేను చదివేశానులే. ఆవిడ దిగిందో లేదో వచ్చి చెప్పు," అన్నారు. పన్నెండు వారాలు నా మంచం పక్కన ఆవిడ ఏం పర్యవేక్షించారో అప్పుడర్థమైంది.

పదకొండు మెట్లు. ఏడో మెట్టు మీద ఆగాను, నొప్పికి కాదు, మర్యాదకి. మొదటి భాగాలు రెండూ తిరిగిచ్చి, రెండో భాగం తీసుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. మొదటి పేజీలో కథానాయిక ఓడ దిగింది. నాలుగేళ్ల బరువు దిగిపోయింది. రెండో పేజీలో ఎవరింటికో వెళ్లింది. మూడో పేజీలో ఆ ఇంటి వంటింట్లోకి దూరి, అందరికీ వడ్డిస్తోంది. నేను పేజీ మూల మడిచి, పుస్తకం మూసి, ఆవిడకు కూడా పన్నెండు వారాల సెలవు మంజూరు చేశాను.

వీధి ఆ చివరనుంచి గంట వినిపిస్తోంది. ఒక మోత. ఆగి, మళ్లీ ఒక మోత. లైబ్రరీలో చదువుకుంటున్న పెద్దమనుషులంతా తలెత్తి చూశారు. బడి గంటేమో అనుకుని మళ్లీ చదువులో పడ్డారు.

మీరూ ఈ కథ కూర్చునే చదువుతున్నారు కదా. మంచిదే. లేవకండి. లోపలికి కేకేసి ఎవర్నీ అడక్కండి. అడక్కుండా చెప్పండి చూద్దాం, మీ ఇంట్లో ఉప్పెక్కడుంటుంది?