తలుపు మీది బోర్డు ఏమైంది?

కండక్టర్ గారింటి వీధి తలుపు మీది బోర్డు మాయమైంది!

పాఠకులారా, అది మామూలు బోర్డు కాదు. "పేషెంటుకి ఇన్‌ఫెక్షన్ ప్రమాదం. ఎవరూ లోపలికి రావద్దు" అని కండక్టర్ గారి అక్క ఎర్ర అక్షరాలతో రాసి అతికించిన అట్టముక్క. కొన్నేళ్ల కిందట తమ్ముడికి కిడ్నీ ఇచ్చిన మహాతల్లి ఆవిడే. ఆ కిడ్నీని కాపాడటానికి వాడిన మందులు కాస్తా తమ్ముడి తుంటి ఎముకను తినేశాయి. ఈమధ్యే తుంటి కూడా మార్చారు.

నన్నడిగితే ప్రతివాడూ ముందు కిడ్నీ మార్పించుకుని, ఆ తర్వాతే తుంటి జోలికి వెళ్లాలి! ఎందుకంటారా? ఉత్త తుంటి ఆపరేషనైతే పరామర్శలు తప్పవు. "మా తోడల్లుడికీ ఇదే చేశారు, పాపం మళ్లీ లేవలేదు" అని ధైర్యం చెప్పి, కాఫీ తాగి వెళ్తారు. కిడ్నీ మార్చినవాడికి రోగనిరోధక శక్తి తక్కువ. ఒక్క బోర్డుతో చుట్టాలంతా బంద్! ఎదురింటి టైలర్ సైతం కిటికీలోంచి చెయ్యూపి వెళ్లిపోవాల్సిందే. ఎంత ప్రశాంతత! ఫ్యాను చప్పుడు కూడా స్పష్టంగా వినిపిస్తుంది.

గాయం మానేదాకా జనాన్ని రానివ్వొద్దన్నాడు డాక్టరు. గాయం మానింది. ఇక మనుషులు రావచ్చు, నడవకపోతే మాత్రం కాలు బిగుసుకుపోతుంది అన్నాడు. అయినా అక్క బోర్డునీ కదలనివ్వలేదు, తమ్ముణ్ణీ కదలనివ్వలేదు.

"పడ్డావంటే నా కిడ్నీ ఏమైపోవాలిరా?"

అలాంటి బోర్డు పోతే ఊరుకుంటుందా? టైలర్‌ని గుమ్మంలోనే నిలబెట్టి విచారణ మొదలుపెట్టింది.

"నాకేం తెలుసమ్మా! బోర్డు లేదు కదాని లోపలికి రాబోయాను. మీరు పట్టేసుకున్నారు."

"మరి దానికేమైనా కాళ్లొచ్చాయా?"

అప్పుడు పడింది ఆవిడ కన్ను. తమ్ముడు మంచం మీద లేడు. తలుపు పక్క కుర్చీలో బుద్ధిమంతుడిలా కూర్చున్నాడు. పక్కనే వాకర్. కూర్చున్న దిండు కిందినుంచి ఎర్ర అక్షరం ఒకటి తొంగిచూస్తోంది.

"ఏమిట్రా ఇది?"

కండక్టర్ గొంతు సవరించుకున్నాడు.

"నేనే పీకానక్కా. ఇక్కడిదాకా నా అంతట నేనే నడిచొచ్చాను. నడిచింది కొత్త తుంటి. ఐడియా మాత్రం నీ కిడ్నీది, తిడితే దాన్నే తిట్టు. ఏం చెయ్యమంటావు? బతుకంతా నిండు బస్సులో గడిపినవాణ్ణి. ఇల్లు ఖాళీ బస్సైపోయింది. టైలర్‌నొక్కణ్ణైనా ఎక్కించుకోనివ్వక్కా!"