నూట పన్నెండు జాడీలు

ఫ్రిజ్ మీదున్న ఆవకాయ జాడీ అందక, సుబ్బరావమ్మ ఆ పొద్దున ఇడ్లీలు కొబ్బరి చట్నీతోనే తినవలసి వచ్చింది. గొడవకు అంతకు మించి కారణమేమీ లేదు.

"జాడీ పెట్టుకోను గోడలో ఒక గూడు లేదు గానీ, ఇళ్ళు గీసే ఉద్యోగమంట!" అంది కోడలికి వినపడేలా.

"ఈ ఇల్లు నేను గియ్యలేదత్తయ్యా," అంది శ్రీరమ్య లాప్‌టాప్ తెరుస్తూ.

"అది నువ్వు గీసిందేగా? దాంట్లో ఉందా గూడు?" అంది అత్తగారు తెర మీది బొమ్మ చూపిస్తూ.

అది గుంటూరు శివార్లలో కట్టబోయే ఆడపిల్లల హాస్టలు. నూట పన్నెండు గదులు. పాప బడికి వెళ్ళే వయసు వచ్చాక మళ్ళీ ఉద్యోగంలో చేరిన శ్రీరమ్యకు పూర్తిగా అప్పగించిన మొదటి పని. పదకొండింటికి హాస్టలు యజమాని శ్యామ్ సుందర్ వీడియో కాల్‌లో చూస్తాడు. సరేనంటే తర్వాత వచ్చే మిర్చి కోల్డ్ స్టోరేజీ కూడా ఆమెదే. కాదంటే మళ్ళీ వేరేవాళ్ళు గీసినవాటికి కొలతలు సరిచూస్తూ కూర్చోవాలి.

నిజానికి ఆమె గీసింది ఒక్క గదినే. మిగిలిన నూట పదకొండూ దాని నకళ్ళు. ఒకదాంట్లో కిటికీ జరిపితే అన్నిట్లోనూ జరుగుతుంది. ఏదైనా గది వేరుగా ఉండాలంటే ముందు దానికి వేరే పేరు పెట్టి విడదియ్యాలి. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకు ఈ సంగతి ఓపికగా నేర్పేది ఆమే.

అత్తగారి నోరు మూయించడానికి ఒక గదిలో, చేతికందిన గోడకు గూడు పెట్టింది. అందులో జాడీ కూడా గీసింది.

"వాసెన గుడ్డేదీ?" అంది సుబ్బరావమ్మ.

మూతికి గుడ్డ కూడా కట్టింది. ఇంతలో గ్యాస్ సిలిండరు వచ్చింది. అలవాటుగా సేవ్ నొక్కి లేచింది. గదిని విడదియ్యడం మరిచిపోయింది.

సిలిండరు తూకం చూసుకుని, స్నానం చేసి వచ్చేసరికి పదిన్నర. ఆఫీసు నుంచి అయూబ్ ఫోన్. అదే ఫైల్లో హాస్టలుకు కరెంటు పని గీసేది అతనే.

"మేడం, చెప్పకుండా గూళ్ళు పెట్టేశారేంటండీ? సరిగ్గా నా స్విచ్ బోర్డుల మీదకొచ్చాయి. అన్నీ తలుపు పక్కకి లాగేశా."

"అన్నీ అంటే?"

"నూట పన్నెండూనండీ! బోర్డులు అటెళ్ళాయని మన ఫర్నిచర్ చూసే ఆరాధన గారు మంచాలు కూడా అటు జరిపారు. ఇప్పుడు తలుపులు సగమే తెరుచుకుంటున్నాయి. పిల్లలేగా, పక్కకి తిరిగి దూరతార్లెండి!"

శ్రీరమ్య గబగబా లాప్‌టాప్ ముందు కూర్చుంది. గూడు తీసేసినా బోర్డులూ మంచాలూ వాటంతటవి వెనక్కి రావు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తేల్చుకునే లోపే, ఎక్కడికైనా పావుగంట ముందే వచ్చే శ్యామ్ సుందర్ తెర మీద ప్రత్యక్షమయ్యాడు. వస్తూనే సామాను జాబితా తెరిచాడు. గదిలో ఏది గీస్తే అది దానంతటదే ఆ జాబితాకు ఎక్కుతుంది.

"మంచాలు రెండొందల ఇరవై నాలుగు. బాగుంది. జాడీలు నూట పన్నెండు..." ఆయన కళ్ళజోడు సవరించుకున్నాడు. "ఇవేంటమ్మా?"

"సారీ సార్, అది పొరపాటున..."

"బాబూ!" వెనక నుంచి సుబ్బరావమ్మ తల కెమెరాలోకి వచ్చింది. "అది బాత్రూము గోడ. చెమ్మకి పచ్చడి బూజు పట్టుద్ది. కిటికీ పక్కన పెట్టించు."

శ్రీరమ్య కళ్ళు మూసుకుంది. ఉద్యోగం పోయిన చప్పుడు వినిపిస్తుందనుకుంటే, నవ్వు వినిపించింది.

"ఇప్పుడున్న హాస్టల్లో జాడీలన్నీ మంచాల కిందేనండీ. చీమలు, నూనె మరకలు. వార్డెన్ ఆదెమ్మ గారితో రోజూ పంచాయితీ. ఇన్నేళ్ళలో ఒక్క ఇంజనీరుకీ ఇది తట్టలేదు. పెద్దావిడ చెప్పినట్టు జరపమ్మా, చూద్దాం."

శ్రీరమ్య ఒక గూడు జరిపింది. ఆయన చూస్తుండగానే నూట పన్నెండూ కిటికీల పక్కకు వెళ్ళి కూర్చున్నాయి. ఇంకా ఫోన్లోనే ఉన్న అయూబ్ గొణుక్కుంటూ ఒక బోర్డు వెనక్కి జరిపితే అన్నీ వెళ్ళాయి. ఆరాధన ఒక గదిలో మంచాలు జరిపింది. అన్ని తలుపులూ బార్లా తెరుచుకున్నాయి.

"భేష్! జాడీలు మాత్రం తీసెయ్యండి. పిల్లలు ఇళ్ళ దగ్గర్నుంచి తెచ్చుకుంటారు. కోల్డ్ స్టోరేజీ వాళ్ళక్కూడా మీ పేరే చెప్తా."

శ్రీరమ్య ఒక జాడీ చెరిపింది. నూట పన్నెండూ మాయమయ్యాయి. సుబ్బరావమ్మ చప్పున లేచి వంటింట్లోకి వెళ్ళి, ఫ్రిజ్ మీద చూసుకుని వచ్చింది.

మధ్యాహ్నం మిర్చి యార్డు నుంచి భోజనానికి వచ్చిన కోటేష్, పెళ్ళాం ఫోన్లో చెప్పినదంతా విని, చంకలో ఒక చెక్క అరతో దిగాడు.

"అమ్మా, నీ జాడీకి కిటికీ పక్కన ఇది కొట్టేస్తా. ఇంకెప్పుడూ గొడవుండదు."

కొడుకు దించిపెట్టిన ఆవకాయతో ముద్ద కలుపుతూ సుబ్బరావమ్మ తలెత్తింది.

"కొట్టమాక. జాడీ ఫ్రిజ్ మీదే ఉంటది. అన్నం వేళకి దించటం, మళ్ళీ ఎక్కించటం నీ పని. ఇక్కడ మనం చోటు మార్చామంటే అక్కడ నూట పన్నెండూ కదుల్తాయి. అమ్మాయి ఉద్యోగం ఏం గాను?"

కొత్తవాళ్ళకు అన్నీ ఓపికగా వివరించే శ్రీరమ్య, ఈ ఒక్కటీ వివరించకుండా పెరుగు వడ్డించింది.