మంత్రిగారి ప్లాస్మా ప్రారంభోత్సవం

"బిస్క్రా నగరం ఇక నుంచి పదార్థపు నాలుగో స్థితిలో ఉంటుంది!" అని అల్జీరియా విజ్ఞానశాఖ మంత్రి బూఅలాం జెర్రాదీ రేడియోలో ప్రకటించారు. ఘనం, ద్రవం, వాయువు అనే మొదటి మూడు స్థితులు గత ప్రభుత్వాల హయాంలోనే పూర్తయ్యాయని పెద్దమనసుతో ఒప్పుకున్నారు కూడా.

ఆ ప్రకటన విని ఎగిరి గంతేసినంత పని చేసింది డాక్టర్ వసీలా గెర్ఫీ. విశ్వవిద్యాలయం వెనక గదిలో ఆమె ఏళ్ల తరబడి ఆ నాలుగో స్థితితో, అంటే ప్లాస్మాతో, కుస్తీ పడుతోంది. వాయువులోకి కరెంటు పంపి, పెన్నంత గొట్టం కొసన ఊదారంగు మంట పుట్టించింది. చూడ్డానికి మంటే గానీ కాల్చదు. ఖర్జూరాల మీద పడితే బూజు చస్తుంది. మొండి పుండు మీద పడితే మానడం మొదలవుతుందని ఆమె నమ్మకం. ఆసుపత్రిలో రోగులకు వాడి చూడాలంటే మంత్రిగారు ఊఁ అనాలి.

ఆమె యంత్రం ప్రారంభోత్సవం రోజున మంత్రిగారి కంటే ముందు ఆయన భద్రతాధికారి ఖయ్యర్ దిగాడు.

"ప్లాస్మా అంటే సూర్యుడిలో ఉండేదేనా?"

"ఆ జాతిదేనండీ. కానీ ఇది చల్లనిది."

"సూర్యుణ్ణి తెచ్చి మంత్రిగారి పక్కన పెడతారా? ఆర్పెయ్యండి!"

"ఆర్పేస్తే ఇక ప్లాస్మా ఎక్కడుంటుందండీ? ఇదిగో, నా వేలు పెట్టాను, చూడండి."

"మీ వేలు మీ ఇష్టం డాక్టరమ్మా. మంత్రిగారి వేలు ప్రభుత్వానిది."

ఖయ్యర్ యంత్రం కరెంటు తీగ పీకించేశాడు. మంత్రిగారు కుంటుకుంటూ వచ్చి బటన్ నొక్కారు. ఏమీ వెలగలేదు. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. ఆడవాళ్లు నాలుక ఆడిస్తూ యూయూ అని సంబరంగా కేకలు పెట్టారు.

"చూశారా! పొగ లేదు, చప్పుడు లేదు, కరెంటు ఖర్చసలే లేదు!" అని మంత్రిగారు పరవశించారు.

వసీలా ధైర్యం చేసి ముందుకొచ్చింది. "అయ్యా, మీ కాలికున్నది షుగరు పుండులా ఉంది. మీరు అనుమతిస్తే ఈ యంత్రాన్ని ఆసుపత్రిలో..."

"అమ్మా! ఇది జాతి సంపద. నా కాలికి వాడుకుంటానా?" అని మంత్రిగారు గుండెల మీద చెయ్యి వేసుకున్నారు. ఆ నిస్వార్థానికి మళ్లీ చప్పట్లు. ఆ హోరులో అనుమతి మాట కొట్టుకుపోయింది.

జాతి సంపదను ముట్టుకోకుండా ఆయన వైద్యానికి ప్యారిస్ వెళ్లారు. ఆయన చేతులమీదుగా ప్రారంభమైన యంత్రానికి ఏమీ కాకూడదని ఖయ్యర్ వసీలా గదికి తాళం వేయించాడు.

వసంతంలో మంత్రిగారు కుర్రాడిలా విమానం మెట్లు దూకుతూ దిగారు. వెనకే ఒక చెక్కపెట్టె దిగింది. మళ్లీ అదే హాలు, కొత్త రిబ్బను. పెట్టెలోంచి తీసిన ఫ్రెంచి యంత్రం కొసన ఊదారంగు మంట వెలిగింది.

"దీంతోనే నా పుండు మాన్పారు! మనవాళ్లకు ఇలాంటి బుర్ర ఎందుకు లేదో!" అని మంత్రిగారు వాపోయారు.

ఖయ్యర్ అందరినీ తోసుకుంటూ వెళ్లి చెయ్యి చాపాడు. "అబ్బ, ఎంత చల్లగా ఉంది! రండి డాక్టరమ్మా, ముట్టుకోండి. భయమెందుకు, నేనున్నాగా!"

వసీలాకు లోపలెక్కడో మొదలైన నవ్వు ఇక ఆగలేదు. కళ్లనీళ్లు కారేలా, నోరంతా తెరిచి పడీపడీ నవ్వింది. కెమెరాలు తళుక్కుమన్నాయి.

మర్నాడు పత్రిక మొదటి పేజీలో ఆమె ఫొటో పెద్దదిగా వేశారు. దాని కింద: "విదేశీ అద్భుతాన్ని చూసి నోరెళ్లబెట్టిన స్థానిక గృహిణి."