దాచిపెట్టిన సాయంత్రాలు

ఆ నగరంలో జీవన నాణ్యతను మునిసిపాలిటీ వాళ్లు అట్టపెట్టెల్లో పెట్టి ప్రతి శుక్రవారం పొద్దున్నే ఇంటింటికీ పంపిస్తారు. ఇంటికి వారానికి ఒక పెట్టె. లోపల ఏముందో పైనే అచ్చు వేసి ఉంటుంది: చెరువు గట్టున ఒక సాయంత్రం, అడవిలో గంటన్నర మంచి గాలి, హారన్ మోత లేని ఒక ఆదివారం మధ్యాహ్నం. పెట్టె ఎక్కడ తెరిస్తే అక్కడే అది మొదలై, రాసినంతసేపు ఉండి అయిపోతుంది. ఇందులో మోసమేమీ లేదు. సరుకు బాగాలేదని ఇంతవరకు ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. టైము మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. ఆ సంగతి పెట్టె అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది.

తవిటినాయుడు టెక్కలి నుంచి దేశం దాటి ఆ నగరానికి వచ్చింది ట్రాములు బాగుచేసే పనికి. వచ్చిన రెండో వారమే భార్య దమయంతినీ, అయిదేళ్ల కూతురు లాస్యనీ తెచ్చుకోవడానికి దరఖాస్తు పెట్టాడు. దరఖాస్తు అందిన రోజు నుంచి జీవన ప్రమాణాల శాఖ వారి రికార్డులో అది ముగ్గురి కుటుంబం. మనుషులు వచ్చారా లేదా అన్నది వేరే శాఖ చూసుకుంటుంది. కాబట్టి ఆ శుక్రవారం వచ్చిన పెట్టె మీద ముగ్గురి పేర్లూ ఉన్నాయి. "చెరువు గట్టున సాయంత్రం, నలభై నిమిషాలు. తండ్రి, తల్లి, అయిదేళ్ల పాప. పాప తండ్రి భుజాల మీద కూర్చోవచ్చు."

ఆ పెట్టెను తవిటినాయుడు తెరవలేదు. ఇదేం చాదస్తం అనుకునేవాళ్లు మన ఇళ్లు చూడనివాళ్లు. మంచి వస్తువు కొనేది వాడుకోవడానికని మనకు ఎవరూ చెప్పలేదు. పెళ్లిలో చదివించిన గాజు గ్లాసులు అద్దాల బీరువాలో ఉంటాయి, మనం స్టీలు గ్లాసుల్లో తాగుతాం. సోఫా కొని మూడేళ్లయినా ప్లాస్టిక్ కవరు తీయం, ఎండాకాలం ఒళ్లు దానికి అతుక్కుపోయినా సరే. కొత్త దుప్పటి చుట్టాలొస్తే పరుస్తాం, వాళ్లు గుమ్మం దాటగానే మడిచేస్తాం. అలాంటి చోట పుట్టినవాడు పెళ్లాం బిడ్డల పేర్లున్న సాయంత్రాన్ని ఒక్కడే కూర్చుని ఖర్చుపెట్టడు.

"మీరొచ్చాక తీద్దామని దాచీసాను," అన్నాడు ఫోనులో.

"మంచి పని చేసినారు. మేం లేకుండా అదేటి బాగుంటాది," అంది దమయంతి.

కుటుంబం రావాలంటే షరతులు రెండే. ఇంట్లో మనిషికి తొమ్మిది చదరపు మీటర్ల ఖాళీ నేల ఉండాలి. జీతం అద్దెకు మూడు రెట్లు ఉండాలి. ఆ నగరంలో అద్దె ఇంటిని బట్టి కాదు, ఇంట్లో ఉన్న జీవన నాణ్యతను బట్టి నిర్ణయిస్తారు. తెరిచిన పెట్టె లెక్కలోకి రాదు. తెరవని పెట్టె పూర్తిగా లెక్కలోకి వస్తుంది. ఏడాది తిరిగేసరికి యాభై రెండు పెట్టెలు గోడవార పేర్చి ఉన్నాయి. ఇంటి యజమాని మర్యాదస్తుడు, బూట్లు బయటే విడిచి వచ్చాడు. పెట్టెలన్నీ లెక్కపెట్టి, ఇంత చక్కటి జీవితం ఉన్న ఇంటికి పాత అద్దె న్యాయం కాదని మెత్తగా చెప్పి వెళ్లాడు.

పెరిగిన అద్దెకు తగ్గట్టు జీతం చూపించడానికి తవిటినాయుడు సాయంత్రాలు బ్రెడ్డు ఫ్యాక్టరీలో చేరాడు. దానితో, ఒకవేళ ఎప్పుడైనా బుద్ధి మారి ఒక సాయంత్రం తెరుద్దామనుకున్నా, తెరవడానికి సాయంత్రం లేకుండా పోయింది. రెండో ఏడు నేల కొలిచే అధికారిణి వచ్చింది. పెట్టెలు ఆక్రమించిన జాగా తీసివేస్తే మిగిలింది ఒకటిన్నర మనిషికి సరిపోతుందని తేల్చింది. సగం మనిషికి అనుమతి ఇచ్చే పద్ధతి తమ దగ్గర లేదని, అందుకు విచారిస్తున్నామని కాగితం వచ్చింది.

పెట్టెలను పారెయ్యడం అక్కడ నేరం. పేర్లు రాసి ఉంటాయి కనుక ఇంకొకరికి ఇవ్వడం కుదరదు. ఒకసారి పోస్టాఫీసుకు తీసుకెళ్లి టెక్కలికి పార్సిలు కట్టమన్నాడు. దేశం దాటితే అది మామూలు ఖాళీ పెట్టె అయిపోతుందని కౌంటరు మనిషి వివరించాడు. ఇక చేసేది లేక ఊరి చివర గోడౌనులో ఒక గది అద్దెకు తీసుకున్నాడు. గోడౌనులో పెట్టినా నాణ్యత ఇంటిదే కాబట్టి ఇంటద్దె తగ్గలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటులా రెండు అద్దెలు పడ్డాయి. గోడౌను అద్దె కోసం ఆదివారాలు కార్లు కడిగే పనికి ఒప్పుకున్నాడు.

డిపోలో అతని పక్కన పనిచేసే ఇంతియాజ్‌ది నంద్యాల. ఒకరోజు పెట్టె మోస్తున్న తవిటినాయుణ్ని ట్రాము స్టాపులో చూసి నిలబడ్డాడు.

"ఎన్నైనాయప్పా?"

"నూట అరవై."

"ఒకటన్నా తీయప్పా. పెట్టె పెరగదు గానీ బిడ్డ పెరుగుతాంటాది."

తవిటినాయుడు నవ్వి ట్రాము ఎక్కాడు. కానీ గోడౌనులో ఆ పెట్టెను పైన పెడుతూ దాని మీద రాసింది చదివాడు. "సైకిలు నేర్చుకొనుట, ఒక గంట. తండ్రి వెనక సీటు పట్టుకుని పరుగెత్తవలెను. ఎనిమిదేళ్ల పాప." అంతకు ముందు వరసలో ఏడేళ్ల పాప ఉంది. కింద ఆరేళ్ల పాపకు ఊయల ఉంది. అన్నిటికంటే అడుగున, తీయాలంటే గంట పట్టే చోట, అయిదేళ్ల పాప ఉంది. ఆ రోజు అతనికి నిజంగా భయం వేసింది. బ్రెడ్డు ఫ్యాక్టరీకి ఆలస్యమవుతోందని తలుపు వేసుకుని వెళ్లిపోయాడు.

ఆరో ఏడు చివర్లో, మూడు జీతాలూ కలిపి రెండు అద్దెలకు సరిగ్గా మూడు రెట్లయ్యాక, అనుమతి వచ్చింది. దమయంతి, లాస్య ఒక మంగళవారం దిగారు. లాస్య తండ్రి భుజం దాకా వచ్చింది. ఫోనులో నువ్వు అని పిలిచే పిల్ల ఎదురుగా నిలబడి, "బాగున్నారా నాన్నా," అని అడిగింది, పక్కింటి పెద్దాయన్ని అడిగినట్టు. తవిటినాయుడు బాగున్నానన్నాడు.

అతనికి నాలుగు రోజులు సెలవు దొరికింది. మర్నాడే గోడౌనుకు వెళ్లి, మూడు వందల పన్నెండు పెట్టెలూ జరిపి, అడుగున ఉన్న మొదటిదాన్నీ, ఊయల పెట్టెనూ, సైకిలు పెట్టెనూ తెచ్చాడు. మొదటిదాన్ని మంచం పక్కన నేల మీద పెట్టి తెరిచాడు. నీళ్లొచ్చాయి, గట్టు వచ్చింది, గాలి వచ్చింది, ఎర్రటి ఎండ గోడ దాకా పరుచుకుంది. ఆరేళ్లు మగ్గినా ఇసుమంత పాడవలేదు. తవిటినాయుడు గట్టు మీద మోకాళ్ల మీద కూర్చుని, వీపు వంచి, కూతురికేసి చూశాడు.

లాస్య తల్లి వైపు చూసింది.

"పర్లేదు నాన్నా. మీ నడుము పట్టేస్తాది," అంది లాస్య.

ముగ్గురూ వరసగా కూర్చుని మిగిలిన ముప్పై ఆరు నిమిషాలూ నీళ్లు చూశారు. చల్లగా హాయిగా ఉందని దమయంతి రెండుసార్లు అంది. తరవాత ఊయల తెరిచారు. లాస్య కూర్చుంది గానీ కాళ్లు నేలకు ఆనుతున్నాయి, ఊపడానికి వీలుపడలేదు. సైకిలు పెట్టె తెరిచినప్పుడు లాస్య ఎక్కి చకచకా ఒక చుట్టు తిరిగి వచ్చింది.

"ఎవరు నేర్పినారే?" అన్నాడు తవిటినాయుడు.

"మావయ్య నేర్పీసాడు. మూడో తరగతిలో."

అప్పుడు తవిటినాయుడు ఏడ్చాడు. పిల్ల చూస్తోందని తెలిసినా ఆపుకోలేకపోయాడు. పెట్టెకు రాసిన గంట ఇంకా అయిపోలేదు కనుక సైకిలు అక్కడే నిలబడి ఉంది. "ఏటండీ ఇది, చంటిపిల్లాళ్లాగ. మేమొచ్చీసాం కదా," అంటూ దమయంతి అతని తల మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి ఆరేళ్లలో బాగా బరకగా అయిపోయిందని అతనికి అప్పుడే తెలిసింది.

శుక్రవారం కొత్త పెట్టెతో పాటు శాఖ నుంచి ఉత్తరం కూడా వచ్చింది. పిల్లల వయసు దాటిపోయిన పెట్టెల ఖాతా ముగించుకోవడానికి కుటుంబ సమేతంగా ఆఫీసుకు రావాలి. ముగ్గురూ ఉన్న బట్టల్లో మంచివి వేసుకుని వెళ్లారు. అక్కడి అధికారి కుర్చీలు చూపించి, పిల్లకు చాక్లెట్ ఇచ్చి, ఒక ఫారం ముందుకు జరిపాడు. మూడు వందల పన్నెండు పెట్టెలూ పూర్తిగా అనుభవించామని కింద సంతకం పెట్టాలి.

"అనుభవించలేదండి. మూడే తెరిచాం," అన్నాడు తవిటినాయుడు, ఆరేళ్లలో నేర్చుకున్న వాళ్ల భాషలో. "మిగతావి వెనక్కి తీసుకుని, పదకొండేళ్ల పిల్లకు సరిపోయేవి ఇవ్వగలరా?"

"వెనక్కి తీసుకోవడం లేదు సార్. మీకు అందాయి కదా. అందినవన్నీ అనుభవించినట్టే లెక్క. హాయిగా బతకదగ్గ నగరాల్లో మాకు మొదటి ర్యాంకు వచ్చేది ఆ లెక్క మీదే."

"అందరూ ఇలాగే సంతకం పెడతారా?"

"దాదాపు అందరూ. బయటినుంచి వచ్చినవాళ్లయితే అందరూ," అన్నాడు అధికారి. అతని గొంతులో వెటకారం లేదు. సంతకం పెట్టకపోతే కుటుంబ అనుమతిని కొత్త ఏడాదికి పొడిగించడం కష్టమవుతుందని కూడా అంతే మర్యాదగా చెప్పాడు.

తవిటినాయుడు సంతకం పెట్టాడు. దమయంతి పెట్టింది. పదేళ్లు దాటిన పిల్లలు తమ భాగం తామే నింపాలని నిబంధన ఉంది కాబట్టి అధికారి పెన్ను లాస్యకు ఇచ్చాడు. పేరు, పుట్టిన తేదీ గుండ్రటి అక్షరాలతో రాసింది. చివరి గడి దగ్గర ఆగింది. అక్కడ, అయిదో ఏడు నుంచి పదకొండో ఏడు వరకు తండ్రితో గడిపిన బాల్యం ఎలా ఉంది, అని అడిగారు.

"నాన్నా, ఇక్కడేటి రాయమంటారు?"

తవిటినాయుడు దమయంతి వైపు చూశాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది. వెనక వరసలో ఇంకా చాలా కుటుంబాలు వేచి ఉన్నాయి.

"చాలా బాగుంది అని రాయమ్మా," అన్నాడు.

లాస్య రాసింది. ఆ గడి ఖాళీగా వదిలితే ఫారం తీసుకోరు.