నిప్పుకు పరాయిది

సూరత్‌లోని మా తెలుగు మరమగ్గాల సమాజం మొన్న ఆదివారం ఒక రాయికి న్యాయం చేసింది. రాయి తరఫున ఎవరూ దరఖాస్తు పెట్టలేదు. అయినా చేశాం.

భూగర్భశాస్త్రంలో బంగారు పతకం తెచ్చుకున్న మా సోమలింగం కూతురు హారతికి శాలువా కప్పి, రెండు ముక్కలు మాట్లాడమన్నాం. ఆ పిల్ల సంచిలోంచి నల్లరాయి తీసింది. అందులో మెరిసే ఖనిజం పేరు పైరాక్సీన్ అంది. రెండు వందల ఏళ్ల కిందట ఒక ఫ్రెంచి పండితుడు దాన్ని లావాలో చూసి, ఎక్కడినుంచో వచ్చి చిక్కుకుందనుకుని, గ్రీకులో 'నిప్పుకు పరాయిది' అని అర్థం వచ్చే పేరు పెట్టాడట. తీరా చూస్తే అది పుట్టింది ఆ లావాలోనే. తప్పు తెలిసింది. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

సభ కన్నీరు పెట్టుకుంది. ఇక్కడి పాండేసర మిల్లుల్లో మూడు తరాలుగా మమ్మల్ని 'బహార్‌వాలా', అంటే బయటివాళ్లు, అంటున్నారు మరి. అధ్యక్షులు రాంప్రసాద్ గారు లేచి, "పుట్టినకాడ ఎవ్వల్ని పరాయోళ్లనద్దు! రాయినైనా సరే!" అని గర్జించారు. ఏకగ్రీవంగా తీర్మానించాం. ఒక ప్రతి కలెక్టరుకు, ఒక ప్రతి ఫ్రాన్సుకు. ఫ్రాన్సు చిరునామా కనుక్కోవడానికి ఉపసంఘం వేశాం.

తర్వాతి అంశం ఎల్లవ్వ. సమాజం కట్టించిన గదుల్లో ఆమెకొకటి ఉంది. మగడు ఒడియావాడు, పోయాడు. కొడుకు రఘుపతికి పద్దెనిమిది నిండాయి. తండ్రి మనవాడు కాకపోతే, పద్దెనిమిది నిండిన కొడుకు గది వదలాలని నిబంధన.

"వాడు గా రూములనే పుట్టిండు సారూ. మంత్రసానిని తోల్కొచ్చింది మీ అమ్మనే," అంది ఎల్లవ్వ.

"పుట్టుడుదేముందే? పిల్లి గూడ పుట్టింది గా రూముల. మెంబర్ని చెయ్యమంటవా?" అన్నారు అధ్యక్షులు.

"పిల్లిని మీరు ఎల్లగొట్టలే గదా."

దీన్ని సభా మర్యాదకు భంగంగా నమోదు చేశాం. హారతి లేవబోయింది. రాంప్రసాద్ గారు ఎంతో వాత్సల్యంతో, "బిడ్డా, నువ్వు రాళ్ల ముచ్చట చెప్పు. మనుషుల సంగతి మేం చూస్కుంటం," అని కూర్చోబెట్టారు.

రెండో తీర్మానమూ ఏకగ్రీవమే. ఆడవాళ్లకు ఓటు లేదు. తల్లి ఉండవచ్చు, కొడుకు పోవాలి. తల్లీకొడుకులను విడదీసిన పాపం మాకు అంటలేదు. ఆమే వాడి వెంట వెళ్లిపోయింది.

బుధవారం ఆ గదిని అధ్యక్షుల బామ్మర్ది సదానందానికి కేటాయించాం. ఆయన ఆ పొద్దుటే సిరిసిల్ల నుంచి వచ్చి దిగాడు. సూరత్ చూడటం అదే మొదలు. తాళం తీస్తూ మెల్లగా అడిగాడు:

"బావా, ఈడ బయటోళ్లు గిట్ల ఎవలన్న ఉంటరా?"

ఎవరూ లేరని అందరం ధైర్యం చెప్పాం.